పేపర్లో మడతపెట్టి వచ్చిన సున్తీ పాంప్లెట్ గురించి

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. పేరుకి ఒడిశానే గానీ బండి స్టార్ట్ చేసి గేరు మార్చేలోపు పాతపట్నం వచ్చేస్తది, మా వీధిలో సగం మందికి అత్తారిళ్ళు ఆంధ్రాలోనే. మీ పేపరు శ్రీకాకుళం వైపు నుంచి పొద్దున్నే మా ఊరికి వచ్చేస్తది, మా నాన్నగారి కాలం నుంచీ వేయించుకుంటున్నాం. పోయిన ఆదివారం పేపరు విప్పగానే గులాబీ రంగు పాంప్లెట్ ఒకటి జారి టీ గ్లాసు పక్కన పడింది. "లేజర్ సున్తీ. కోత లేదు, కుట్లు లేవు, నొప్పి లేదు. ఇన్ఫెక్షన్, క్యాన్సర్, ఎయిడ్స్ నుంచి జీవితాంతం రక్షణ. ప్రతి మగబిడ్డకీ తప్పనిసరి" అని, కింద ఫోన్ నంబరు, పక్కన నవ్వుతున్న బాబు బొమ్మ. ఇది మీరు వేసింది కాదని నాకు తెలుసండి, ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రాడు తెల్లారుజామున కూర్చుని ఒక్కో పేపర్లో ఒక్కోటి దూరుస్తాడు, దానికి వాడికేదో నాలుగు డబ్బులు వస్తాయి. కానీ చదివేవాళ్ళకి ఆ తేడా ఏం తెలుస్తాది, పేపర్లో వచ్చింది అంటారు అంతే. ఆ సాయంత్రానికే ఆ గులాబీ కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని ముగ్గురొచ్చారు నా షాపుకి, అందులో ఒకాయన మనవడికి ఇంకా 2 ఏళ్ళు నిండలేదు. అందుకే రాస్తున్నా.

నాకు మెడికల్ షాపు, 20 ఏళ్ళు దాటింది. నేను డాక్టర్ని కాను, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా. కానీ ఈ విషయంలో డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు జనం వచ్చేది నా దగ్గరికే, ఎందుకంటే సిగ్గు. కౌంటర్ దగ్గర ఆడవాళ్ళుంటే పక్కకి జరిగి దగ్గు మందు రేటు అడుగుతూ నిలబడతారు, అందరూ వెళ్ళిపోయాక గొంతు తగ్గించి "అన్నా, ముందు తోలు..." అని మొదలెడతారు. గుండెనొప్పి గురించి పది మందిలో చెప్పుకుంటాం, దీని గురించి మాత్రం పెళ్ళానికి కూడా చెప్పుకోం. ఆ సిగ్గు మీదే ఇలాంటి పాంప్లెట్లు బతుకుతున్నాయి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తా. మా చిన్నోడికి అప్పుడు 4 ఏళ్ళు. వాడికి నీళ్ళు పోసేది మా అమ్మ. "తోలు వెనక్కి రావట్లేదేట్రా వీడికి, లోపల మురికి ఉండిపోతాది" అని రోజూ కొబ్బరినూనె రాసి కొంచెం కొంచెం వెనక్కి లాగేది. నేను చూస్తూనే ఉన్నా, వద్దనలేదు, షాపు నిండా మందులున్నాయి గానీ ఇది తప్పని నాకూ తెలీదు. ఓరోజు కాస్త గట్టిగా లాగినట్టుంది, గుంటడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు, తువ్వాలు మీద రూపాయి బిళ్ళంత రక్తం మరక. ఇంక ఆ తర్వాత ఒంటేలుకి వెళ్ళాలంటే భయం, బిగపట్టుకుని బిగపట్టుకుని చివరికి గోడ పట్టుకుని కాళ్ళు దగ్గరపెట్టి ఎగురుతూ పోసేవాడు, పోసేటప్పుడు ముందు తోలు చిన్న బుడగలా ఉబ్బేది. అది చూసి మా ఆవిడ గుండె ఆగిపోయినంత పనైంది.

ఓ ప్రైవేటు నర్సింగ్ హోంకి తీసుకెళ్ళాం. ఏ ఊరో ఎవరో చెప్పను, ఇప్పుడు దాంతో పని లేదు. ఆ డాక్టరు గారు లాగు దించారు, చూశారు, పైకి లాగేశారు, మొత్తం అరనిమిషం. "ఫైమోసిస్, అంటే తోలు బిగుతు. రేపు ఖాళీ కడుపుతో తీసుకురండి, 18,000 ప్యాకేజీ, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు." చేయించకపోతే ఏమవుతాది సార్ అంటే "కిడ్నీలకి పాకితే నన్నడక్కండి" అన్నారు. ఆ మాట తర్వాత ఏ తండ్రి ఇంకో ప్రశ్న అడుగుతాడు చెప్పండి. మర్నాడు పొద్దున్న 7 గంటలకల్లా బెంచీ మీద ఉన్నాం. ఫారం ఇచ్చారు, సగం ఒడియా సగం ఇంగ్లీషు. నేను చదివింది ఒడియా మీడియంలోనే, చదవగలను, కానీ చదవలేదు, చేయి వణుకుతుంటే ఎవడు చదువుతాడు, సంతకం పెట్టేశా. మా ఆవిడది టెక్కలి, ఆమెకి తెలుగు తప్ప రాదు, "ఏం రాసుంది" అంటే "ఏటీ లేదు, మామూలే" అన్నాను. మత్తు డాక్టరు బయట ఊరి నుంచి రావాలి. 9 అయింది, 10 అయింది, 11 అయింది, రాలేదు. రాత్రి నుంచి ఖాళీ కడుపు, గుంటడు ఆకలి ఆకలి అని ఏడుపు. నేను టీకి బయటికెళ్ళొచ్చేసరికి వాడు నవ్వుతూ ఒళ్ళో కూర్చున్నాడు, మూతి చుట్టూ బిస్కెట్టు పొడి. మా ఆవిడ ఏడుపు చూడలేక సంచీలోంచి రెండు బిస్కెట్లు తీసి పెట్టేసింది! నర్సమ్మ మమ్మల్ని తిట్టిన తిట్లు మామూలువి కాదు, అవి న్యాయమైనవే, కడుపులో ఉంటే మత్తిచ్చాక కక్కుకుని ఊపిరితిత్తుల్లోకి పోతాదంట. ఆపరేషన్ వాయిదా పడింది. రెండు బిస్కెట్ల వల్ల ఆగింది, మా తెలివి వల్ల కాదు.

ఆ వారంలోనే షాపుకొచ్చే మెడికల్ రెప్ ఒకతను విషయం విని "అన్నా, పిల్లల సర్జన్లు వేరే ఉంటారు, ఒక్కసారి చూపించి అప్పుడు చేయించు" అన్నాడు. బండి కట్టుకుని పెద్ద ఊరెళ్ళాం, మా అమ్మ కూడా వచ్చింది, తప్పు తనదేనని బెంగ. అక్కడి పిల్లల సర్జన్, పెద్దాయన, వాడిని తల్లి ఒళ్ళోనే కూర్చోబెట్టి చేతికి టార్చిలైటు ఇచ్చి ఆడుకోమన్నారు. తోలుని వెనక్కి లాగలేదు, రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లిగా ముందుకి తీశారు. "ఇలా రండి, చూడండి, చివర ఎలా విచ్చుకుంటోందో. లోపల గులాబీగా మెత్తగా ఉంది కదా, తెల్లటి గట్టి రింగు ఏమైనా కనబడుతోందా? లేదు. అంటే ఇది జబ్బు కాదు, వయసు." మా అమ్మ వైపు తిరిగి "అమ్మా, మొగ్గని మనం వేళ్ళతో విప్పుతామా" అన్నారు. మా అమ్మ అక్కడే కళ్ళు తుడుచుకుంది. చిరిగిన చోటు మానాక ఒక స్టెరాయిడ్ క్రీము రాశారు, రోజుకి రెండుసార్లు, పలచగా, బిగుతుగా ఉన్న చోట మాత్రమే, 6 వారాలు. ఏడో ఏడు వచ్చేసరికి వాడే స్నానంలో వెనక్కి తీసుకుని కడుక్కోవడం మొదలెట్టాడు. ఇప్పుడు 11 ఏళ్ళు, సుబ్బరంగా ఉన్నాడు.

ఆ తర్వాత నాకు పట్టుదల వచ్చి దీని గురించి దొరికిందల్లా చదివాను. పుట్టిన బిడ్డకి లోపలి భాగానికి తోలు అతుక్కునే ఉంటాదండి, గోరూ దాని కింది చర్మమూ ఉన్నట్టు. 1949లోనే డగ్లస్ గైర్డ్‌నర్ అని ఇంగ్లండు పిల్లల డాక్టరు లెక్కగట్టాడు, పుట్టినప్పుడు తోలు పూర్తిగా వెనక్కొచ్చేది 100 మందిలో నలుగురికేనంట. మిగతా 96 మందికీ జబ్బు ఉన్నట్టా? 1968లో డెన్మార్క్‌లో ఓస్టర్ అనే డాక్టరు స్కూలు పిల్లల్ని ఏళ్ళ తరబడి చూశాడు, 6-7 ఏళ్ళ పిల్లల్లో బిగుతు ఉన్నవాళ్ళు 8 శాతం, 16-17 ఏళ్ళు వచ్చేసరికి 1 శాతం. కోయాల్సి వచ్చింది ఏ ఒకరిద్దరికో, మిగతావి దాదాపు అన్నీ వాటంతటవే వదిలాయి. ఒంటేలు పోసేటప్పుడు బుడగలా ఉబ్బడం కూడా, ధార బాగుండి నొప్పి లేకపోతే, భయపడాల్సింది కాదంట, కొన్నాళ్ళకి పోతాది. తోలు కింద తెల్లగా సగ్గుబియ్యం గింజలా కనబడితే చీము అని పరిగెత్తుకొస్తారు నా దగ్గరికి, అది చీము కాదు, రాలిన చర్మం పొరలు ముద్ద కట్టినవి, అతుకు వదులుతోందని గుర్తు. ఎర్రగా వాచి, ముట్టుకుంటే నొప్పి ఉండి, జ్వరం ఉంటే అప్పుడు డాక్టరు.

అలాగని సున్తీ ఎప్పుడూ అక్కర్లేదు అనడం నా ఉద్దేశం కాదు. అదీ తప్పే, అవతలి పాంప్లెట్ లాంటి తప్పే. మా తోడల్లుడి కొడుక్కి 9 ఏళ్ళప్పుడు తోలు చివర కొబ్బరి ముక్కలా తెల్లగా గట్టిగా అయిపోయింది, రంధ్రం చిన్నదైపోయి ఒంటేలు చుక్కలు చుక్కలుగా వచ్చేది. నేను మా చిన్నోడి అనుభవంతో పెద్ద పుడింగిలా "ఏం కాదు బావా, ఒగ్గేయ్, అదే పోతాది" అన్నాను. నాదే తప్పు. అది బీఎక్స్‌ఓ అనే మచ్చ జబ్బు, దానంతటది పోదు, లోపలి రంధ్రాన్ని కూడా మూసేస్తాది, దానికి అసలైన వైద్యం సున్తీయే. చేయించారు, వారం పది రోజులు వాడు వాళ్ళ నాన్న లుంగీ కట్టుకుని తిరిగాడు, తర్వాత ధార చూసి వాళ్ళమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. మరి చూశారా, రెండిళ్ళల్లో ఒకే మాట "తోలు రావట్లేదు", ఒకడికి కత్తి అక్కర్లేదు, ఇంకోడికి కత్తే మందు. తేడా చెప్పగలిగేది తీరిగ్గా చూసే కన్నే గానీ పాంప్లెట్ కాదు.

యూరిన్ ఇన్ఫెక్షన్ సంగతి కూడా అంతే. పాంప్లెట్‌లో రాసింది అబద్ధం కాదు, సగం నిజం. సున్తీ అయిన పసిపిల్లల్లో యూరిన్ ఇన్ఫెక్షన్లు చాలా తగ్గుతాయి, అది నిజం. కానీ మామూలు మగపిల్లాడికి మొదటి ఏడాదిలో అసలు అది వచ్చే అవకాశమే 100కి 1 దగ్గర్లో ఉంటాది. 2005లో అన్ని స్టడీలూ కలిపి లెక్కేస్తే, ఆరోగ్యంగా ఉన్న 111 మంది పిల్లలకి సున్తీ చేస్తే ఒక్క ఇన్ఫెక్షన్ తప్పుతాదని తేలింది. అదే పదేపదే ఇన్ఫెక్షన్ వచ్చే పిల్లలైతే 11 మందికి ఒకటి, మూత్రం వెనక్కి కిడ్నీలోకి ఎగదన్నే జబ్బు గట్టిగా ఉన్నవాళ్ళైతే నలుగురికి ఒకటి. ఆ నలుగురిలో మీవాడుంటే తప్పకుండా చేయించండి, నేనే తోడొస్తా. కానీ ఏ జబ్బూ లేని పిల్లల్లో ఒక్కడి కోసం మిగతా 110 మందిని ఎందుకు కోయడం?

ఇక రిస్కు. 2010లో చాలా దేశాల లెక్కలు కలిపి చూశారు, నెలల పిల్లల్లో ఏదో ఒక ఇబ్బంది రావడం 1.5 శాతం దగ్గర, కాస్త పెద్ద పిల్లల్లో 6 శాతం దాకా. చాలా వరకు చిన్నవే, రక్తం కారడం, చీము పట్టడం, వాపు. పెద్ద ప్రమాదాలు తక్కువ, అది కూడా ఒప్పుకోవాలి. కానీ ఆ లెక్కలు చేయి తిరిగినవాళ్ళవి, చేయి తిరగనివాళ్ళ దగ్గర లెక్కలు ఎవరు రాస్తారు. మన ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది, అది ఏ పాంప్లెట్‌లోనూ ఉండదు. ఈ దక్షిణ ఒడిశా అంతా సికిల్‌సెల్, అంటే రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుక జబ్బు, ఉన్న ప్రాంతం, కొండ ఊళ్ళలోనే కాదు కింద కూడా ఉంది. సికిల్‌సెల్ ఉన్న పిల్లాడికి ఆ సంగతి తెలీకుండా మత్తిచ్చి, నీళ్ళు తాగనివ్వకుండా పొద్దుటి నుంచి కూర్చోబెడితే అది ఆటలు కాదు. మా చిన్నోడిని ఆరోజు బెంచీ మీద 4 గంటలు కూర్చోబెట్టారు, సిక్లింగ్ టెస్టు మాట ఒక్కరూ అడగలేదు. 2023 నుంచి సికిల్‌సెల్ మిషన్ కింద ఈ టెస్టు ప్రభుత్వమే చేస్తోంది కదా, అడిగితే పోయేదేముంది.

రక్తం గడ్డకట్టని జబ్బు హీమోఫిలియా ఇంకోటి. అది తల్లి వైపు నుంచి వస్తాది కాబట్టి అడగాల్సింది మేనమామల గురించి. పన్ను పీకించుకుంటే రెండ్రోజులు రక్తం ఆగని మేనమామ ఉన్నాడా, చిన్నప్పుడే రక్తం పోయి చనిపోయిన మేనమామ ఉన్నాడా అని. యూదులు ఎనిమిదో రోజే సున్తీ చేస్తారు కదా, వాళ్ళ పాత శాస్త్రం తాల్ముద్‌లోనే ఉందంట, ఒక తల్లికి ఇద్దరు బిడ్డలు సున్తీ వల్ల చనిపోతే మూడోవాడికి చేయొద్దని. హీమోఫిలియా అన్న పేరు పుట్టక ముందు, వందల ఏళ్ళ కింద! దేవుడి ఆజ్ఞ అనుకునేవాళ్ళే ఆగి ఆలోచించారు, 18,000 ప్యాకేజీ వాళ్ళకి ఒక్క ప్రశ్న అడిగే తీరిక లేదు. ఒంటేలు రంధ్రం చివర కాకుండా కింద వైపు ఉన్న పిల్లలకైతే అసలు ముట్టుకోకూడదు, తర్వాత దాన్ని సరిచేసే ఆపరేషన్‌కి ఆ తోలే కావాలి.

"లేజర్" అనే మాట మీద నాకు చాలా కోపం. లేజర్‌తో కోసినా కోతే, స్టాప్లర్‌తో కోసినా కోతే, మానడానికి రోజులు పట్టేదే. కరెంటు మెషీన్‌తో కాల్చి కోసేది కూడా ఉంది, అది సరిగ్గా వాడకపోతే ఏమవుతాదో లోకానికి తెలిసిన కథ ఒకటుంది. 1966లో కెనడాలో విన్నిపెగ్ ఊళ్ళో, ఏడాది కూడా నిండని కవల మగపిల్లలు, ఇద్దరికీ తోలు బిగుతని ఆపరేషన్‌కి పెట్టారు. మొదటివాడికి కరెంటు మెషీన్ వాడితే అంగం పూర్తిగా కాలిపోయింది. దాంతో రెండోవాడికి ఆపేశారు, వాడికి ఏమీ చేయకుండానే బిగుతు దానంతటదే పోయింది. మొదటివాడిని డాక్టర్ల మాట విని ఆడపిల్లలా పెంచారు, పెద్దయ్యాక నిజం తెలిసి మళ్ళీ మగవాడిగా బతికాడు, డేవిడ్ రైమర్ అతని పేరు, 2004లో ప్రాణం తీసుకున్నాడు. అలాంటిది కోటికొకటి, ఒప్పుకుంటా. నాకు నిద్రపట్టనిది మాత్రం ఆ రెండోవాడి సంగతే, ఏమీ చేయకుండానే పోయిన వాడి సంగతి.

ఎయిడ్స్ దగ్గరికొద్దాం, ఎందుకంటే కుర్రాళ్ళు దీనికే పడిపోతున్నారు. మా పక్క గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూములకి వెళ్ళేవాళ్ళు వేలల్లో, మా వైపు నుంచీ వెళ్తారు. పండక్కి ఇంటికొచ్చిన కుర్రాడొకడు కౌంటర్ దగ్గర నిలబడి "అన్నా, సున్తీ చేయించేసుకుంటే ఇంక ఆ బాధే ఉండదంట కదా" అన్నాడు. కాదు బాబూ. ఆఫ్రికాలో మూడు పెద్ద ట్రయల్స్ చేశారు, సౌతాఫ్రికా, కెన్యా, ఉగాండా, 2005 నుంచి 2007 మధ్య రిజల్టులొచ్చాయి. సౌతాఫ్రికాలో 3,000 పైచిలుకు మందిని రెండు గుంపులు చేస్తే, సున్తీ లేని గుంపులో 49 మందికి హెచ్ఐవి వచ్చింది, అయిన గుంపులో 20 మందికి వచ్చింది. తగ్గింది, బాగా తగ్గింది, దగ్గర దగ్గర 60 శాతం. కానీ ఆ 20 మంది కూడా "రక్షణ" ఉన్నవాళ్ళే కదా. పైగా అది ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకి వచ్చేదాంట్లోనే, మగవాడికి ఉంటే భార్యకి అంటకుండా ఆపుతాదని తేలలేదు. పుండు మానకుండా 6 వారాల్లోపు కలిస్తే ఇంకా ప్రమాదం. డబ్ల్యూహెచ్ఓ 2007లో దీన్ని చేయమంది ఊరికి ఊరే హెచ్ఐవితో పోతున్న ఆఫ్రికా దేశాల కోసం, అక్కడ అది మంచి పనే, నేను కాదనను. మన దేశంలో పెద్దవాళ్ళలో హెచ్ఐవి 0.2 శాతం దగ్గర ఉంది. ఆ కుర్రాడికి నేను కాండోమ్ ప్యాకెట్ చేతిలో పెట్టి, ప్రభుత్వాసుపత్రిలో హెచ్ఐవి పరీక్ష చేసే ఐసీటీసీ గది ఎక్కడుందో చెప్పి పంపించా. మొహం చిన్నబుచ్చుకున్నాడు, ఒకసారి కోసేసుకుంటే జీవితాంతం చింత లేదనే మాట వినడానికొచ్చాడు పాపం.

క్యాన్సర్ అనేది చూపించి రెండేళ్ళ పిల్లాడిని కోయమనడం మరీ దారుణం. అంగానికి క్యాన్సర్ చాలా అరుదు. వచ్చేవాళ్ళలో పెద్దయ్యాక కూడా బిగుతు వదలనివాళ్ళు, శుభ్రం లేనివాళ్ళు, పొగ తాగేవాళ్ళు ఎక్కువ, హెచ్‌పీవీ వైరస్ ఒకటి. అంటే నీళ్ళు, బీడీ మానడం, బిగుతుంటే వైద్యం, వీటితోనే చాలా వరకు అయిపోతాది.

పాంప్లెట్‌లో "డాక్టర్ల సలహా" అని ఒక్క మాటలో తేల్చేశారు, డాక్టర్లందరూ ఒక్క మాట మీద లేరండి. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో ఏమందంటే లాభాలు నష్టాల కంటే ఎక్కువే గానీ అందరికీ చేయమని చెప్పేంత ఎక్కువ కాదు, తల్లిదండ్రుల ఇష్టం అంది. దానికి రెండేళ్ళ ముందు 2010లో నెదర్లాండ్స్ డాక్టర్ల సంఘం, జబ్బు లేని పిల్లాడికి చేయొద్దు, వాడు పెద్దయ్యాక వాడిష్టం అంది. ఇద్దరూ చదివినవాళ్ళే. మా షాపు బెంచీ మీద కూర్చుని ఎవరైనా గంట వాదించుకోవచ్చు దీని మీద, నేనైతే రెండోవాళ్ళ వైపే మొగ్గుతా.

మతం సంగతి వేరు, అది నేను మాట్లాడేది కాదు. మా షాపు ఎదురుగా టైర్ల షాపు భాయ్ నాకు చిన్నప్పటి స్నేహితుడు, వాళ్ళింట్లో ముగ్గురు పిల్లలకీ ఖత్నా, అంటే సున్తీ, అయింది, స్వీట్లు మా ఇంటికొచ్చాయి. ఈ పాంప్లెట్ చూపిస్తే పగలబడి నవ్వాడు. "మాకంటే అది దీన్, మా మతధర్మం, చేయిస్తాం. మీకేం తొందర భయ్యా?" అన్నాడు. వాళ్ళ తాత కాలంలో ఊరూరూ తిరిగే హజామ్, అంటే మంగలి, వచ్చి చేసేవాడంట, బూడిద అద్ది కట్టు కట్టేవాడంట, ఇప్పుడు ఆయన తన పిల్లలకి రక్త పరీక్ష చేయించి, సర్జన్ దగ్గర, సరైన మత్తుతో చేయించాడు. చిన్నవాడికి ఆరోజు కొంచెం జలుబు ఉందని డాక్టరు వద్దంటే రెండు వారాలు ఆగాడు. దీన్ కోసం చేయించేవాడు అంత జాగ్రత్త పడ్డాడు, అది రాయాలనిపించింది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, ఇది పిల్లల గురించి కాదు, పెద్దాళ్ళ గురించి. షుగర్ ఉన్న మగాళ్ళకి ముందు తోలు పగిలి, దురద పెట్టి, మెల్లిగా బిగుసుకుపోవడం నేను వారానికి ఒకరినైనా చూస్తా. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ బిళ్ళ 2020లో పేటెంట్ అయిపోయాక చవగ్గా దొరుకుతోంది, మంచి మందే, గుండెకీ కిడ్నీకీ కూడా మంచిది, కానీ అది పనిచేసేదే చక్కెరని ఒంటేల్లోకి తోసి. తీపి ఉన్నచోట చీమలొచ్చినట్టు అక్కడ ఫంగస్ పడతాది. మా మావయ్యకి 61 ఏళ్ళు, 8 నెలలు ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా తెలీకుండా వేరే షాపులో మూడు మందులు కలిపిన క్రీము ట్యూబులు కొనుక్కుని రాసుకున్నాడు, అందులో ఉండే గట్టి స్టెరాయిడ్‌కి ఇంకా పెరిగింది. చివరికి తోలు ముడుచుకుపోయి పగుళ్ళలోంచి రక్తం. డాక్టరు ముందు షుగర్ కంట్రోల్ చేసి, బిళ్ళ మార్చి, ఫంగస్‌కి మందిచ్చి, అయినా బిగుతు వదలకపోతే అప్పుడు సున్తీ చేశారు, అక్కడే సూదిమందుతో తిమ్మిరెక్కించి. "ముందే చెప్పుకుంటే అయిపోను కదరా అల్లుడూ" అంటాడు ఇప్పుడు. ఇదిగో ఇలాంటివాళ్ళకి సున్తీ వరం. పాంప్లెట్‌లో మాత్రం నవ్వుతున్న బాబు బొమ్మ వేశారు.

మీ దగ్గర నాకు కావాల్సింది రెండు. ఒకటి, ఏజెంట్లకి చెప్పండి, వైద్యం పాంప్లెట్లు మడతల్లో పెట్టేముందు కనీసం మీవాళ్ళకి ఒకసారి చూపించమని. రెండోది, మీ ఆరోగ్యం పేజీలో ఓ పిల్లల సర్జన్ చేత ఓ అర పేజీ రాయించండి, తెలుగులో, అమ్మమ్మలకీ నాన్నమ్మలకీ అర్థమయ్యేలా. పసివాళ్ళకి పైపైన నీళ్ళతో కడిగితే చాలు, లాగక్కర్లేదని. దానంతటది వచ్చాక పిల్లాడికే నేర్పాలని, వెనక్కి తీసి కడుక్కుని మళ్ళీ ముందుకి వేసేయాలని. ఈ ముందుకి వేసేయడం మర్చిపోతే వెనక ఇరుక్కుపోయి వాచిపోతాది, అది గంటల్లో ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పని, మొన్న ఇంటర్ కుర్రాడొకడికి అలాగే అయింది, సిగ్గుతో రాత్రంతా గదిలో కూర్చున్నాడు. ఏ గుర్తులుంటే ఆగకూడదో అవి కూడా రాయించండి, తెల్ల రింగు, చుక్కలుగా ఒంటేలు, పదేపదే జ్వరంతో ఇన్ఫెక్షన్. క్రీముల పేర్లు మాత్రం వేయించొద్దు, మర్నాడే చీటీ లేకుండా ఇమ్మని నా ప్రాణం తీస్తారు, ఇవ్వనంటే పక్క షాపుకెళ్తారు.

ఇక ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయొద్దండి. నాకు పర్లేదు, కానీ మావాడు ఇప్పుడు ఆరో క్లాసు, వాళ్ళ స్కూల్లో కూడా మీ పేపరే వేయించుకుంటారు, నాకు తెలిసి వాళ్ళ తెలుగు మాస్టారు ఉత్తరాలు పైకి చదివి వినిపిస్తారు.

ఇట్లు,
మీ పాఠకుడు, మెడికల్ షాపు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా